పిచ్చితల్లి తన్నింది

"తన్నింది మామయ్యా. నా కళ్ళ ముందే తన్నింది."

ఆస్పత్రి వరండాలో అల్లుడు మళ్ళీ మళ్ళీ అదే చెప్పాడు. చొక్కా నిండా భార్య రక్తం. పొద్దున్నే ఆమెను రెండు చేతుల మీద మోసుకొచ్చింది అతనే. అప్పట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

మామ గుర్రాలాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అందరూ ఆయన్ని పిలిచేది అలాగే. ఆయన పెంచేవి పందెం గుర్రాలు కావు. స్వారీ రానివాళ్ళ గుర్రాలు. రిటైరైన గుమాస్తాలు, భారీ శరీరాల మేష్టర్లు, రికాబుకి కాళ్ళు అందని పిల్లలు, జన్మలో మొదటిసారి జీను మీద కూర్చోవాలనుకునే వాళ్ళంతా ఆయన దగ్గరికే వస్తారు.

గుర్రప్పిల్ల పుట్టిన పూటే దాని చెవులు నిమురుతాడు. గిట్టలు ఎత్తి పట్టుకుంటాడు. కాస్త ఎదిగాక పక్కన నిలబడి గొడుగు టప్పున తెరుస్తాడు. రేకు డబ్బాలు దొర్లిస్తాడు. బెదిరితే ఓపిగ్గా నేర్పుతాడు. కానీ మనిషి మీద కాలెత్తిన గుర్రాన్ని ఇక సంతానానికి ఉంచడు. అది ఎంత అందగత్తె అయినా సరే.

అలా ఏళ్ళ తరబడి వడబోస్తే దొరికిన గుర్రం పిచ్చితల్లి. పాకలో సగం దాని పిల్లలే. చంటివాళ్ళు తోక పట్టుకుని వేలాడినా కిక్కురుమనలేదన్న పేరు దానిది.

"ఎక్కడ జరిగింది?" అని అడిగాడు గుర్రాలాయన.

"కింది బీడులో. మీరు గట్టు మీద ఇంట్లో నిద్రపోతుంటారు కదా, లేపడం ఎందుకని రోడ్డు వైపు గేటు తీసుకుని వెళ్ళాం. తను జీను వేయబోయింది. అంతే."

"ఏ కాలితో?"

"వెనక కాలు. కుడిది. డొక్కలో ఒకటి. కింద పడ్డాక మొహం మీద ఇంకోటి."

"రెండుసార్లా?"

"మీరు నమ్మరని తెలుసు. కన్నకూతురి కంటే మీకు ఆ గుర్రమే..." అల్లుడు నాలిక్కరుచుకున్నాడు. "క్షమించండి మామయ్యా. నా బుర్ర పనిచేయడం లేదు."

పోయినేడు కూతురి మణికట్టు విరిగినప్పుడు కూడా అల్లుడు ఇదే మాట చెప్పాడు, పిచ్చితల్లి పడేసిందని. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని, ఆ ఏడు దాని పిల్లల్లో ఒక్కదాన్నీ ఎవరికీ ఇవ్వలేదు ఆయన.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. "రెండు పక్కటెముకలు విరిగాయి. దవడ ఎముక చిట్లింది. ప్రాణానికి భయం లేదు." ఆయన ఎర్రటి కళ్ళకేసి చూసింది. "మీకూ నిద్ర లేనట్టుందే?"

"పశువులతో కాపురం కదమ్మా."

లోపల మంచం మీద కూతురి మొహం సగం కట్లలో ఉంది. తండ్రి వంగి, మెల్లగా అడిగాడు.

"పిచ్చితల్లేనా అమ్మా?"

బయటికి కనిపిస్తున్న ఒక్క కన్నూ నీళ్ళతో నిండింది. అవునన్నట్టు తల ఊపింది.

"ఇంక దాన్ని ఉంచకూడదు మామయ్యా," అన్నాడు వెనకే వచ్చిన అల్లుడు. "ఇవాళ మన ఇంటి మనిషి. రేపు ఎవరి బిడ్డో. మీ పేరేం కాను?"

"నిజమే బాబూ. మనిషిని కొట్టినదాన్ని ఉంచకూడదు." గుర్రాలాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "జీపులో తుపాకీ ఉంది."

కాలు విరిగి ఇక లేవలేని గుర్రాల కోసం ఉంచిన తుపాకీ అది. దాన్ని బయటికి తీసిన రోజు ఆయన అన్నం తినడు.

కూతురు లేవబోయింది. "వద్దు నాన్నా! దాన్నేం చెయ్యొద్దు. అది... దాని తప్పు..."

"నీ ప్రాణం కంటే ఎక్కువా అది?" అల్లుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె మళ్ళీ దిండు మీదికి ఒరిగిపోయింది.

తండ్రి ఆమె నుదురు నిమిరాడు. "పడుకో అమ్మా. దానికి నొప్పి తెలియదులే."

తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "మీరూ రండి బాబూ."

"నేనెందుకు మామయ్యా?"

"చూసింది మీరొక్కరే కదా. ఎక్కడ, ఎలా జరిగిందో చూపించాలి. నాకూ ఒక్కణ్ణే వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు."

దారి పొడుగునా అల్లుడే మాట్లాడాడు. మీ బాధ నాకు తెలుసు అన్నాడు. మళ్ళీ మంచి జాతి తయారుచేసుకోవచ్చు అన్నాడు. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

కింది బీడు చేరాక గుర్రాలాయన గేటు మూసి లోపల్నుంచి తాళం వేశాడు. తుపాకీలో తూటా పెట్టాడు. గుర్రప్పిల్లలు రెండు పరిగెత్తుకొచ్చి బెల్లం కోసం ఆయన జేబు వాసన చూశాయి. ఎన్నడూ లేనిది వాటిని పక్కకి నెట్టేశాడు.

అల్లుడు ముందు నడిచాడు. నీళ్ళ తొట్టి దగ్గర ఆగాడు.

"ఇదిగో, ఇక్కడే. అది ఇటు తిరిగి ఉంది. తను అక్కడ." చేతులతో కొలిచినట్టు చూపించాడు. చుట్టూ మేస్తున్న గుర్రాల్ని ఒక్కొక్కటిగా చూశాడు. మళ్ళీ చూశాడు. "పిచ్చితల్లి కనిపించదేం మామయ్యా?"

గుర్రాలాయన తుపాకీ గొట్టంతో కంచె మూలకి చూపించాడు. అక్కడ పచ్చి మట్టి దిబ్బ ఒకటి ఉంది.

"నిన్న మధ్యాహ్నం నా ఒళ్ళో ప్రాణం వదిలి ఆ మట్టి కిందికి పోయిన గుర్రం, ఇవాళ పొద్దున నా కూతుర్ని ఎలా తన్నిందో చెప్పరా."