వేడినీళ్ళు

"స్నానానికి నీళ్ళు వేడిగా ఉంటున్నాయా, మామ్మగారూ?" అని అడిగింది సర్వే అమ్మాయి.

"వేడిగానే ఉంటున్నాయమ్మా," అంది మామ్మ. ఆమె పెదాలు వణుకుతున్నాయి. అప్పుడే తలస్నానం చేయించిన జుట్టులోంచి నీళ్ళు భుజాల మీదికి కారుతున్నాయి.

వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్ళకు సేవ ఎలా జరుగుతోందో తెలుసుకోవడం ఆ అమ్మాయి పని. పొద్దుటినుంచి ఏ గదిలో అడిగినా ఏ లోటూ లేదన్నారు. ఇంత మంచి ఆశ్రమం ఇంకెక్కడా చూడలేదని సంబరపడింది కూడా.

తలుపు దగ్గర నిలబడ్డ ఆయా, ఫోన్ మోగితే బయటికి వెళ్ళింది. అమ్మాయి తువ్వాలు తీసుకుని మామ్మ తల తుడవబోయింది. తల మంచుముద్దలా ఉంది.

"ఇవి వేడినీళ్ళా? నిజం చెప్పండి. మీ పేరు ఎక్కడా బయటికి రాదు."

"హోటల్లో నీళ్ళు చల్లగా వస్తే నువ్వేం చేస్తావు?"

"గొడవ పెట్టుకుంటాను. వినకపోతే ఇంకో హోటలుకి పోతాను."

"నాకు ఇంకో చోటు లేదు కదా. రేపు నాకు నీళ్ళు పోసేది ఆ ఆయా పిల్లే. నీళ్ళలో ఉండి మొసలితో పగెందుకు?"

మామ్మ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

ఆయా తిరిగొచ్చింది. "ఏమంటోంది మా మామ్మ?"

మామ్మ వేళ్ళు అమ్మాయి మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి.

"మీరు బాగా చూసుకుంటున్నారట," అంది అమ్మాయి.

వేళ్ళు వదులయ్యాయి.

అమ్మాయి తువ్వాలు ఆరేసి, పక్క గదిలోకి నడిచింది. ఆయా కూడా వెనకే వచ్చింది. అక్కడి తాతగారు ఆయాను చూడగానే లేచి కూర్చుని, ఎవరూ ఏమీ అడక్కముందే నవ్వడం మొదలుపెట్టారు.