తొంభై తొమ్మిది శాతం

భూస్థాపన రోజున కృపారాణి, భర్త ఆదాము సగం చదివి వదిలేసిన డిటెక్టివ్ నవలను శవపెట్టెలో అతని చేతి కిందే పెట్టింది. తర్వాత కళ్ళు సరిగా ఆనక ఈ-రీడర్ కొనుక్కుని, అదే నవల అందులో వేయించుకుంది.

మొదటి రాత్రి నాలుగు పేజీలు చదివి పడుకుంది. మర్నాడు తెరిస్తే ఇరవై పేజీలు ముందుకు జరిగి ఉంది. అప్పట్నుంచి రోజూ అంతే.

"నిద్దట్లో నువ్వే నొక్కేస్తన్నావక్కా. దానికి దెయ్యం పట్టిందేటి?" అని తమ్ముడు బెన్హర్ ఫోన్లో నవ్వాడు.

ఆమె కంటినిండా నిద్రపోయి పది రోజులైంది. గరివిడి క్వార్టర్లో ఒక్కర్తే. ఈ రాత్రి తెర కింద తొంభై తొమ్మిది శాతం అని ఉంది. నవల పూర్తయిందంటే, ఎంత రాత్రయినా ఆమెను తట్టి లేపి హంతకుడెవడో చెప్పందే ఆదాము ఊరుకునేవాడు కాదు.

ఆమె ఈ-రీడర్ ఆపేసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. గోడవైపు తిరిగి పడుకుంది.

బీరువాలో కాగితం తిప్పిన చప్పుడైంది. ఇంకోటి. తర్వాత ఏమీ లేదు.

వెనక పరుపు మెల్లగా కుంగింది. భయపడే ఓపిక కూడా ఆమెకి మిగల్లేదు.

"రేపు సెబుదురుగాని, పడుకోండి," అంది కళ్ళు తెరవకుండానే.

పరుపు ఇంకాస్త కుంగింది.