కోసిన ముక్క

మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే నరహరి, భార్య సుజన జుట్టు పట్టి తలను టీపాయి అంచుకేసి కొట్టిండు. అదే హాల్లో మోకాళ్ల మీద కూర్చొని కార్పెట్ అతుకు కుడుతున్న కమ్లి చేతిలో సూది ఆగిపోయింది.

సుజన కార్పెట్ మీద బోర్లా పడ్డది. నుదుటి నుంచి కారిన రక్తం లేతరంగు ఉన్నిలోకి ఇంకుతున్నది. నరహరి ఆమె డొక్కలో ఒక తన్ను తన్ని, కమ్లి వైపు తిరిగిండు.

"సూస్తవేంది? మరకైన కాడ కోసేసి కొత్త ముక్క అతికియ్యి. పోయినసారి అతికిచ్చినట్టే."

పోయినసారి కూర ఒలికిందని చెప్పిండు. కమ్లి నమ్మింది. అతుకు ఎవరికీ కనబడకుండ కుట్టినందుకు ఇంటికి పోయి మురిసింది కూడా.

ఇప్పుడు కమ్లి తన పనిసంచి దగ్గరికి లాక్కున్నది. కత్తి తీసుకొని మరక చుట్టూ నాలుగు పక్కల కోసింది. తడి ముక్కను మడిచి, సుజనను లేపి, ఆమె చేతుల్లో పెట్టింది.

"స్టేషన్ల ఇది సూపెట్టు బిడ్డా. నేనూ వస్త. నా కండ్లతోటి సూసింది చెప్త."

నరహరి తలుపుకు అడ్డం వచ్చి చెయ్యెత్తిండు. కమ్లి కత్తి దించలేదు.

"జరుగు సారూ. ఈ కత్తికి కార్పెట్ ఒక్కటే తెగుతదనుకోకు."

అతని చెయ్యి మెల్లగా కిందికి దిగింది. పక్కకు జరిగిండు.

ఆటో ఎక్కినంక కమ్లి తన కొంగు చింపి ఆమె నుదుటికి కట్టింది. సుజన అప్పుడు నోరు తెరిచింది.

"పోయినసారి గూడ నీకు చెప్దామనుకున్న అక్కా. నువ్వు కుడుతున్నంతసేపు పక్కనే నిలబడ్డ."