పుట్టిన కాయితం

ఆ పొద్దుట మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, కర్ణంగారి అరుగు మీద ఎవరున్నదీ వీధిలోకి కనిపించలేదు. లక్ష్ముడికి కావలసిందీ అదే.

అరుగు మీద బల్ల. బల్ల మీద ఎర్రగుడ్డలో కట్టిన పాత జనన మరణాల రిజిస్టరు. కర్ణం భావనారాయణగారు పెరట్లో స్నానం చేస్తున్నారు. ఆ రోజెందుకో ఆ స్నానం ఎంతకీ తెమల్లేదు. లక్ష్ముడు మూట విప్పి, తాటాకు ముక్క గుర్తు పెట్టి ఉన్నచోట తెరిచాడు. ఆ కాయితాన్ని కుట్టుదాకా చింపి, మడిచి మొలలో దోపుకున్నాడు. మూట మళ్లీ ఎప్పట్లాగే కట్టేశాడు. పెరట్లో చెంబు చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

అక్కణ్ణుంచి సరాసరి చెరుకు గానుగ దగ్గరికి పోయి, చలి కాచుకుంటున్నవాడిలా చేతులు చాపి, కాయితాన్ని బెల్లం పొయ్యిలోకి జారవిడిచాడు.

ఇదంతా రెండెకరాల పల్లం కోసం. అతని చిన్నాన్న అప్పలసూరి కార్తీకంలో పోయాడు. కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు, తవిటమ్మ. మొగుడు పోయి పుట్టింటికి చేరి, పదేళ్లుగా ఆ పల్లం తనే దున్నించి, ఊడ్పించి, కోయిస్తోంది. అదే ఆమెకి తిండి. ఇప్పటి చట్టంలో కూతురికీ హక్కుందిట. ఆ కూతురు కూతురే కాదని తేలితే మాత్రం దగ్గర వారసుడు అన్నకొడుకు లక్ష్ముడే. రుజువేముందంటూ అర్జీ పెట్టేశాడు.

లక్ష్ముడికి అక్షరం ముక్క రాదు. అయినా అర్జీ పని మీద నరసన్నపేట కచేరీ చుట్టూ రెండు నెలలు తిరిగి, బస్తాడు ఇంగ్లీషు మాటలు మోసుకొచ్చాడు. ఫైలు, రికార్డు, ఎంట్రీ, కాపీ. గేదె ఈనితే ఎంట్రీ అయిందనేవాడు. ఓ రోజు కూరలో ఉప్పేశావా అని అడిగితే, పెళ్లాం నీలవేణి, "ఏసినట్టు నా కాడ రికార్డు నేదు. నాకి సూసుకో" అంది.

అన్ని మాటల్లోనూ అతని మనసులో దిగబడిపోయింది ఒక గుమాస్తా చెప్పినది. "రికార్డుంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

అలాంటివాడి ముందు, ముందురోజు సాయంత్రం ఇదే అరుగు మీద తవిటమ్మ నోరు జారింది.

"కర్ణంగారూ, నా పుట్టిన కాయితం కాడ ఏదో గుర్తెట్టండి బాబూ. రేపు ఆపీసరుగారు అడిగితే ఎతుక్కోకుండా సూపించీవొచ్చు. అదొక్కటుంటే నాకింకేటి బయం?"

ఆయన తాటాకు ముక్క పెట్టారు. స్తంభానికి ఆనుకుని చుట్ట కాల్చుకుంటున్న లక్ష్ముడు అది చూశాడు.

మంచు విడిచాక రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఊరంతా అరుగు చుట్టూ మూగింది. ఆయన రిజిస్టరు తిరగేసి, పేజీ నంబరు ఒకటి లేదన్నాడు.

"పాత పుస్తకమండి. చెదలు తిన్నంత తినగా మిగిలిందే అది" అన్నారు భావనారాయణగారు.

లక్ష్ముడు లేచి నిలబడ్డాడు. "ఎంట్రీ నేదంటే కూతురు కానట్టే గదండి బాబూ."

"కాదయ్యా. రికార్డుంటే అందులో ఉన్నది ఉన్నట్టు రాసుకుపోయేవాణ్ణి, ఇంకెవరి మాటా వినక్కర్లేదు. లేదు కాబట్టి ఊరివాళ్లని అడగాలి. ముందు నువ్వే చెప్పు. ఈమెని ఏమని పిలుస్తావు?"

"అప్పా అంటానండి."

"ఎందుకూ?"

"సిన్నాన్న కూతురు గదండి మరి."

అనేశాక గాని తనేమన్నాడో లక్ష్ముడికి తెలియలేదు. నవ్విన నవ్వులకి అరుగు చివరనున్న కోళ్లు లేచిపోయాయి. ఆమె అప్పలసూరి కూతురేనని పదకొండు మంది వేలిముద్రలు వేశారు. మొదటిది లక్ష్ముడి తల్లి జగ్గమ్మది. పల్లం తవిటమ్మకే చెందాలని రాసి ఇన్‌స్పెక్టరు సైకిలెక్కాడు.

అందరూ పోయినా లక్ష్ముడు అక్కడే కూలబడి ఉన్నాడు. తవిటమ్మ వచ్చి రెక్క పట్టుకు లేపింది.

"పొద్దుట్నించీ పస్తున్నావు. రా, తినేసి ఎల్లు."

వేడన్నం, ఉలవచారు, ఎండుచేపల ఇగురు. ఇద్దరికీ వడ్డించి తనూ ఎదురుగా కూర్చుంది.

"నాకు ముందు ఇద్దరు పుట్టి పోనారురా. నానైనా దక్కాలని మా అయ్య సేటెడు తవుడుకి నన్ను మంత్రసాని అసిరమ్మకి అమ్మీసినాడు. అందుకే ఈ పేరు."

"అది ఊరందరికీ తెలిసిందే గదప్పా. అమ్మినట్టే అమ్మి మళ్లీ తెచ్చీసుకుంటారు."

"మా అయ్యకి అది సాల్లేదు. సిత్రగుప్తుడు కర్ణంగారి పుస్తకం సూసే తన పుస్తకం రాసుకుంటాడని అయ్య బయం. ఈ కర్ణంగారి నాయన కాళ్లు పట్టుకుని, అయ్య పేరు రాసే కాడ అసిరమ్మ మొగుడి పేరు రాయించీసినాడు."

లక్ష్ముడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అంటే ఆ కాయితం ఉంటే..."

"నాను అప్పలసూరి కూతుర్ని కాను. పల్లం నీదే."

"మరి దాని కాడ గుర్తెందుకెట్టించావప్పా?"

"నీకు సదువు రాదు గదా తమ్ముడా, గుర్తు లేపోతే నీకెలాగ దొరుకుతాది?" అంటూ ఆమె అతని కంచంలో ఇంకో చేప వేసింది.