డాట్ ఇన్ఫోలో లేని నంబరు

"మీ పాప పాసైందమ్మా. ఫస్టు క్లాసు," అన్నాడు ఆత్మకూరులో నెట్ సెంటర్ నడిపే ప్రదీప్‌కుమార్, హాల్‌టికెట్ తిరిగిస్తూ.

వెంకటలక్ష్మమ్మ అందుకోలేదు. "కాలేజీ సార్లూ అదే అంటాండారు. ఇంకోదాంట్లో సూడప్పా."

"ఇంటర్ రిజల్టు యాడ చూసినా ఒకటేనమ్మా."

"అయినా సూడు."

డాట్ కామ్ మూసి, అదే పేరుతో ఉన్న డాట్ నెట్ సైటులో చూశాడు. పాసే. డాట్ ఇన్‌లోనూ పాసే. సంతోషపడాల్సిన మనిషి కుర్చీలో ఇంకాస్త కుంగిపోయింది.

"మొన్న మా పాప నంబరు దేంట్లో సూసినావప్పా?"

ప్రదీప్‌కు గుర్తొచ్చింది. రిజల్ట్స్ వచ్చిన పొద్దున డాట్ కామ్ ఎంతకీ తెరుచుకోలేదు. పిల్లలు మీద పడుతుంటే, అదే పేరుతో ఉన్న డాట్ ఇన్ఫో తెరిచాడు. "చివర్లో ఏముంటే ఏమిలే, అన్నీ ఒకటే," అని కూడా అన్నాడు. నంబరు లేదని వచ్చింది. పేపర్లో నంబరు పడకుంటే తప్పినట్టే కదా, ఇదీ అంతేననుకున్నాడు. ఆ పాప ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు మళ్లీ అదే తెరిచాడు. నంబరు లేదు. కిందికి జరిపి చూస్తే, అవన్నీ పోయినేటి ఫలితాలు.

"తప్పు నాదేనమ్మా. ఇది ఎవరో పెట్టిన ఉత్తుత్తి సైటు. పాపకు నేనే వచ్చి చెప్తా."

"ఈ నంబరు లేనిదాన్నే కాగితం మీద తీసియ్యప్పా," అంది ఆమె. "నిన్న పాపను మట్టి చేసి వచ్చినకాడ నుంచి వాళ్ల నాయన కూడు ముట్టలేదు. పాసైందని తెలిస్తే ఆ మనిషి కూడా నాకు మిగలడు."