ఊరికి ఒక్కతే మత్తు డాక్టరు

“నా వల్ల కాదు సుచరితా. చెయ్యి ఆడ్డంల్యా,” అంది డాక్టర్ కృష్ణవేణమ్మ.

“ఆడుతుంది మేడం. ముందు ఊపిరి తీసుకోండి,” అంది సుచరిత.

డోన్‌లో ఎవరి కడుపు కోయాలన్నా ముందు సుచరిత ఖాళీగా ఉందో లేదో కనుక్కోవాలి. నర్సింగ్ హోములకేం, సందుకొకటి ఉంది. బోర్డుల మీద డాక్టర్ల పేర్లూ బారెడు. మత్తు ఇచ్చే మనిషి మాత్రం ఒక్కతే. ఆమెకు జ్వరం వస్తే ఊళ్లో కత్తులన్నీ ట్రేల్లోనే పడుకోవాలి. అయినా ఇంకొకరిని పెట్టుకుందామని ఏ యజమానికీ తోచలేదు. సుచరిత ఉందిగా అనుకున్నారు, అంతే.

ఇవాళ కూడా ఆమె పొద్దున్నే బేతంచెర్ల వెళ్లి, అక్కడ ఒక ఆపరేషన్ ముగించుకుని, ఆ గతుకుల్లో ఆటో ఎక్కి తిరిగొచ్చింది. ఒళ్లు పులిసిపోయింది. ఆ ఒంటితో సూది పట్టుకునే మాటే లేదు.

కేసు చూస్తే కాన్పు. నెలలు నిండలేదు. బిడ్డ గుండె చప్పుడు ఉండుండి పడిపోతోంది. త్వరగా కోసి తీయకపోతే దక్కదు.

“కర్నూలు నుంచి ఎవర్నన్నా పిలిపిద్దామా?” అంది కృష్ణవేణమ్మ.

“వాళ్లొచ్చేదాకా బిడ్డ ఓర్చుకోలేదు. మీరే వేయండి. నేను చెప్తాండా గదా.”

సుచరిత ఈ ఊరికి రాకముందు కృష్ణవేణమ్మే మత్తు సూది వేసి, తనే కోసేది. అదంతా పాత సంగతి. సుచరిత వచ్చాక ఆ సూది ముట్టే అవసరమే రాలేదు.

తల్లిని టేబుల్ మీద కూర్చోబెట్టి, బాగా ముందుకు వంచి, నర్సు మహిమ భుజాలు పట్టుకుంది. కృష్ణవేణమ్మ నడుము మీద వేలితో తడిమి, రెండు ఎముకల సందున సూది దించింది.

“ఎముక తగులుతాంది.”

“వెనక్కి తీసి కొంచెం పైకి తిప్పండి,” పళ్లు బిగపట్టి చెప్పింది సుచరిత.

రెండోసారీ ఎముకే. కృష్ణవేణమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీ నేర్పు నాకు యాడిది తల్లీ!”

“ఇంకోసారి మేడం. నిదానంగా.”

ఈసారి సూది చివర తేటనీళ్ల లాంటి వెన్నునీటి బొట్టు మెరిసింది.

“వచ్చింది!”

“ఇంక మందు ఎక్కించండి. వడిగా తోయొద్దు.”

మందు కొంచెమే. అది మనిషిని నిద్రపుచ్చదు. నరాల వెంట పోయే నొప్పి కబురును దారిలోనే ఆపేస్తుంది. కాసేపు కాళ్లూ పొట్టా తనవి కానట్టే ఉంటాయి, కళ్లూ చెవులూ మాత్రం మేలుకునే ఉంటాయి. కత్తి పెట్టే ముందు సుచరిత ప్రతి తల్లికీ ఈ సంగతి ఓపిగ్గా చెప్తుంది. ఇవాళ ఆ పని పడలేదు.

తల్లిని వెల్లకిలా పడుకోబెట్టారు. తలుపు అవతల భర్త ప్రదీప్‌కుమార్ నిలువునా చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

“ఇద్దరూ దక్కుతారా సిస్టర్?” అని అక్కడి నుంచే అరిచాడు.

“సుచరిత మేడమే దగ్గరుండి అన్నీ చెప్తాండారు సార్. భయపడాకండి,” అని లోపలి నుంచి బదులిచ్చింది మహిమ.

“బీపీ పడిపోతుంది, చూస్తాండు మహిమా. సెలైన్ వేగం పెంచు,” అంది సుచరిత. ఆమె గొంతు సగమే బయటికొచ్చింది. బిడ్డ గుండె చప్పుడు మళ్లీ తగ్గింది.

కృష్ణవేణమ్మ స్పిరిటులో తడిపిన దూదిని పొట్ట మీద అటూ ఇటూ రాసి చూసింది.

“చల్లగా తెలుస్తాందా?”

“తెలీడం లేదు మేడం, ఇంక కోయండి,” అంది టేబుల్ మీద పడుకున్న సుచరిత.