నవ్వకు నాన్నా

“గంట టైము. ఒక్కటంటే ఒక్కటి, బతికున్న ఫొటో కావాలి” అన్నాడు మేనేజరు స్టూడియో నడవాలో ముందు నడుస్తూ. “వస్తే ఉద్యోగం మీదే. రాకపోతే టీ తాగి వెళ్దురుగాని.”

పాస్‌పోర్టమ్మ తలూపి వెంట నడిచింది. పదకొండేళ్లుగా పాస్‌పోర్టు ఫొటోల దుకాణంలో పనిచేస్తోందని వీధి వీధంతా కలిసి పెట్టిన పేరది. గడ్డం ఎత్తండి, రెప్ప వేయకండి, నవ్వకండి. రోజుకి డెబ్బైసార్లు ఇవే మూడు ముక్కలు. ఈ ఉద్యోగం కూడా రాకపోతే జన్మంతా మళ్లీ అవే ముక్కలు.

నడవా పొడుగునా ఈ స్టూడియో నడిపే మేడమ్ తీసిన ఫొటోలున్నాయి. ఒక వడ్రంగి పెదవుల మధ్య మేకు పట్టుకుని తనలో తనే మురిసిపోతున్నాడు. ఒక పెద్దావిడ కంట్లో నీటిబొట్టు ఇంకా జారలేదు. కెమెరా కోసం మొహం సర్దుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. పాస్‌పోర్టమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అబ్బ, ఏం మనిషమ్మా ఈవిడ! మనుషుల్ని ఇలా ఎలా దొరకబుచ్చుకుంటుంది?

“మేడమ్‌గారిని ఒక్కసారి చూడనిస్తారా?”

“ఆవిడ ఎవరికీ కనిపించరండీ. పని చేసేటప్పుడు అసలే కనిపించరు” అంటూ తలుపు తీశాడు.

పెద్ద గది. ఒక పక్కంతా కిటికీ. మధ్యలో కుర్చీ, అందులో శాలువా కప్పుకున్న ముసలావిడ. కుర్చీకి వెనకగా, ఓ పక్కన, మూడు కాళ్ల మీద పాతకాలపు చెక్క కెమెరా.

“దాని జోలికి మాత్రం వెళ్లకండి, మేడమ్‌గారిది. మీకు ఇదిగో, ఇది. తీయాల్సింది ఈవిడని” అని కొత్త కెమెరా ఒకటి చేతికిచ్చి, మేనేజరు తలుపేసుకుని వెళ్లిపోయాడు.

ముసలావిడ శాలువాలోంచి ఒక చెయ్యి బయట పెట్టి ఉంది. అందులో నిమ్మకాయంత రబ్బరు బంతి.

“ఇదేంటండీ?”

“వేళ్లు పట్టేస్తాయే అమ్మాయ్, అందుకని.”

“మరి నొక్కడం లేదే?”

“నొక్కాల్సినప్పుడు నొక్కుతాలే. నువ్వు నీ పని కానివ్వు.”

పాస్‌పోర్టమ్మ లైట్లు జరిపింది, తెర సర్దింది, ఎడమ నుంచి తీసింది, కుడి నుంచి తీసింది. ముసలావిడ బిగదీసుకుని కూర్చుంది, పలకరిస్తే ఆఁ, ఊఁ. కంగారులో పాత ముక్క నోరు జారింది. “గడ్డం కాస్త ఎత్తండి.”

“ఏ దేశం పంపిస్తున్నావే నన్ను?”

పాస్‌పోర్టమ్మ మొహం కందగడ్డయింది. తీసినవన్నీ వెనక్కి తిప్పి చూసుకుంది. ముప్ఫై ఫొటోలు, ముప్ఫైకి ముప్ఫై పాస్‌పోర్టుకి పనికొచ్చేవే. కెమెరా నేల మీద పెట్టేసింది.

“నావల్ల కాదండీ. క్షమించండి, మిమ్మల్ని ఊరికే కూర్చోబెట్టాను.”

“పోనీలే, ఆ స్టూలు లాక్కుని కూర్చో. అక్కడ కాదు, కిటికీ వైపు, ఆ సుద్ద గీత దాకా జరుగు. నీ మొహం నాకు ఆనడం లేదు. ఇప్పుడు చెప్పు, ఉన్న పని వదులుకుని ఇక్కడికెందుకొచ్చావు?”

“మా నాన్న కోసం” అంది. ఎవరికీ చెప్పని మాట ఎలా బయటికొచ్చిందో తనకే తెలీదు. “ఆయన పోయి ఆరేళ్లు. ఇంట్లో ఆయనది ఒక్కటే ఫొటో ఉంది. నేనే తీశాను. మూతి బిగించుకుని, ఎవరో పరాయి మనిషిలా ఉంటాడు.”

“నవ్వేవాడు కాదా?”

“అయ్యో, నవ్వడమే పని! బస్సు కండక్టరు. జోకు మొదలెట్టి, సగంలోనే తను పడీపడీ నవ్వేవాడు. మిగతా సగం ఎవరికీ తెలిసేది కాదు. పాస్‌పోర్టు ఫొటోకని మా షాపుకొచ్చాడు. నవ్వకు నాన్నా, రూలు ఒప్పుకోదు అన్నాను. నాలుగుసార్లు తీశాను, నాలుగుసార్లూ నవ్వేశాడు. ఐదోసారి కసిరాను. పాపం, నోరు మూసుకున్నాడు. అదే మిగిలింది. నవ్వినవి నాలుగూ నా చేత్తోనే చెరిపేశానండీ.”

ముసలావిడ బంతిని వేళ్ల మధ్య సర్దుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. “నవ్వాపుకోవడానికి ఏం చేసేవాడే?”

“ఇదిగో, ఇలా బుగ్గలు పూరించి, పైకి చూసేవాడు. మూడు అంకెలు లెక్కపెట్టేలోగా ముక్కులోంచి గుర్రుమని...”

చేసి చూపించబోయింది. రెండు దాకా ఆగింది. మూడుకి నవ్వు తన్నుకొచ్చేసింది. ముసలావిడా నవ్వింది. ఆవిడ వెనక ఎక్కడో టక్కుమంది, కుర్చీ చప్పుడేమో అనుకుంది పాస్‌పోర్టమ్మ. ఆరేళ్ల తర్వాత నాన్న గురించి ఏడవకుండా మాట్లాడుతోంది, చప్పుళ్లు ఎవరికి కావాలి!

“టైమైపోయింది” అన్నాడు మేనేజరు తలుపు తీసి.

పాస్‌పోర్టమ్మ కిందికి చూసింది. కెమెరా ఇంకా నేల మీదే ఉంది.

“ఒక్కటీ రాలేదండీ.”

“సరే, టీ తాగుదురుగాని రండి.”

టీ తాగింది. వెళ్తానంటే రెండో టీ ఇచ్చాడు. గంటయ్యాక నడవా చివర, ఫొటోలు కడిగే చీకటి గదిలోకి తీసుకెళ్లి వదిలాడు. లోపల ఎర్రలైటు, మందునీళ్ల ఘాటు. ఎవరో ట్రేని మెల్లగా ఊపుతున్నారు.

“తలుపు వెయ్యవే, వెలుతురు పడుతుంది.”

ఇందాక కుర్చీలోంచి విన్న గొంతే. పాస్‌పోర్టమ్మ గబుక్కున తలుపేసింది. “మేడమ్... మీరా!”

“కెమెరా కింద పెట్టి మనిషితో మాట్లాడావు చూడు, ఈ పనికి అదే కావాలి. మిగతాది నేర్పుతాను. రేపు పెందలాడే రా. ఆ బంతి నొక్కితే నా చెక్క కెమెరా టక్కుమంటుంది. ఇప్పుడు నన్ను కాదు, ఇటు చూడు.”

ట్రేలో తెల్ల కాగితం. దాని మీద కిటికీ అంచు తేలింది. తర్వాత స్టూలు. తర్వాత ఎగిరిన భుజాలు, మూసుకుపోయిన కళ్లు, ఆపుకోలేక తన్నుకొచ్చిన నవ్వు. పాస్‌పోర్టమ్మ ట్రే మీదికి వంగింది. “నాన్నా” అంది పైకే. ఆ నవ్వు ముమ్మాటికీ నాన్నదే.

మొహం మాత్రం తనది.